హన్నవ్వ ఉప్పు చూసేదాకా

ఎస్తేరు చర్చి సెక్రటరీ పదవికి నిలబడుతోందన్న కబురు తూంకుంట నుంచి శామీర్‌పేట దాకా పాకడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. పాలప్యాకెట్లు వేసేవాడు అడిగాడు, కూరగాయల బండి ఆమె అడిగింది, తుర్కపల్లిలో తను వంట చేసే కంపెనీ క్యాంటీన్‌లో సూపర్‌వైజరు కూడా అడిగాడు, "నిజమేనా ఎస్తేరమ్మా?" అని. నిజం కాక మరేమిటి! యాభై మూడేళ్ళ మనిషి, ఇరవై రెండేళ్ళుగా ఆ చర్చిలో ప్రతి పండక్కీ ప్రేమవిందు వండిన మనిషి, ఇంత పెద్ద విషయంలో పరాచికాలాడుతుందా?

ఆ చర్చికి డెబ్బై ఏళ్ళు. ఆ డెబ్బై ఏళ్ళూ ఆడవాళ్ళు పాటలు పాడారు, చాపలు పరిచారు, ఉపవాస ప్రార్థనల్లో మోకాళ్ళు అరగదీసుకున్నారు. ఓటు మాత్రం వెయ్యలేదు. ఇంటికో ఓటు, ఆ ఓటు ఇంటి మగవాడిది. ఈ ఏడాది పై సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ఇంటికో ఓటు రద్దు, పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి మనిషికీ ఓటు, ఆడవాళ్ళకు పోటీ చేసే హక్కు కూడా. పాస్టరు జాషువా ఆ ఉత్తరం చదువుతుంటే ఆడవాళ్ళ వైపు గుసగుస లేచింది, మగవాళ్ళ వైపు దగ్గులు మొదలయ్యాయి. ఆ దగ్గుల మధ్యనే ఎస్తేరు లేచి, "సెక్రటరీకి నేను నిలవడత అయ్యగారూ" అనేసింది. అన్నాక తనే బిత్తరపోయి కూర్చుంది.

ఎందుకు అనేసిందో చెప్పాలి కదా. చర్చి ఆవరణలో ఒకే ఒక్క బాత్రూం. దానికి తాళం. ఆ తాళంచెవి సెక్రటరీ జయరాజు జేబులో. మగవాళ్ళ సంగతి ఎలాగో జరిగిపోతుంది. ఆడవాళ్ళు మాత్రం, పొద్దున్నే వచ్చి పొగలో నిలబడి అందరికీ వండే ఆడవాళ్ళు, కరీంనగర్ రోడ్డు దాటి పద్మలత ఇంటికి పరిగెత్తాలి. ఆ రోడ్డు దాటడమంటే మాటలా? లారీలు, బస్సులు, కంపెనీ క్యాబులు ఒకదాన్ని ఒకటి తరుముకుంటూ పోయే రోడ్డది. పదకొండేళ్ళుగా ఎస్తేరు అడుగుతూనే ఉంది, "అన్నా, ఆడోళ్ళకో బాత్రూం కట్టియ్యి" అని. "జూద్దాం చెల్లె" అనేవాడు జయరాజు. చూసి చూసి పోయినేడు ఆయన తెచ్చిపెట్టినవి నాలుగు పెద్ద స్పీకర్లు! వాటిలో పాట మొదలైతే కిటికీలు అదురుతాయి గానీ బాత్రూం మాత్రం రాలేదు.

జయరాజు చెడ్డవాడేమీ కాదు, అదీ చెప్పాలి. జీడిమెట్లలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఎవరింట్లో చావైనా మొదట కనిపించేది ఆయనే. కానీ ఇరవై ఏళ్ళుగా ఆయనే సెక్రటరీ, అంతకుముందు ఆయన నాయిన ఆశీర్వాదం సెక్రటరీ. తాళంచెవి ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిందన్నట్టు ఉంటుంది ఆ ఇంటివాళ్ళ వాలకం. ఎస్తేరు నిలబడతానన్న నాడు ఆయన నవ్వుతూనే ఉన్నాడు గానీ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మరుసటి వారం మీటింగులో ఆయన లేచి నిదానంగా అన్నాడు, "ఉత్తరంల ఆడోళ్ళకు ఓటని ఉంది, మంచిదే. పద్ధతి మార్చుమని యాడుంది? మన పెద్దలు పెట్టిన పద్ధతే. ఆరాధన అయినంక డబ్బా పెడతం. అన్నం గంట కొట్టంగనే డబ్బా మూస్తం. గంతే."

అందరూ తలలూపారు. ఆ పద్ధతి ఎప్పటినుంచో ఉన్నదే. వాచీలు లేని రోజుల్లో ద్రాక్షతోటల నుంచి, దూరపు ఊళ్ళ నుంచి నడిచి వచ్చేవాళ్ళ కోసం పెట్టారు. ఆరాధన అయితే ఓట్లు మొదలు, వంట అయితే ఓట్లు బంద్. వంటమనిషి అయిందనాలి, చర్చిలో అందరికన్నా పెద్దామె హన్నవ్వ ఉప్పు చూసి సరిపోయిందనాలి, అప్పుడు గంట. గంట మోగితే ఆకులు పరచడమే. ఇన్నేళ్ళూ ఇందులో ఎవరికీ ఏ ఇబ్బందీ కనపడలేదు. ఎలా కనపడుతుంది? వండేవాళ్ళకు ఓటు లేదు, ఓటున్నవాళ్ళు వండరు.

ఎస్తేరుకు మాత్రం ఆ క్షణంలోనే వెలిగింది. ఇప్పుడు ఓటు వచ్చింది, వంటా ఉంది. పొయ్యి దగ్గర పద్నాలుగు మంది ఆడవాళ్ళు, కూరలు తరిగేవాళ్ళు ఇంకో పది మంది. గంట మోగేదాకా వీళ్ళు పొయ్యి వదిలి కదల్లేరు. గంట మోగాక డబ్బా ఉండదు. "అమ్మ జయరాజన్నా!" అనుకుంది పళ్ళు కొరుకుతూ.

ఆయన అక్కడితో ఆగాడా? "ఈసారి సింపుల్‌గ చేద్దాం చెల్లె. మీకెందుకు కష్టం? పులిహోర, పెరుగన్నం. అర్ధగంటల అయిపోతది" అన్నాడు ఎంతో ప్రేమగా.

అంతే! మగవాళ్ళ వైపు నుంచే లొల్లి లేచింది. ముందు లేచినవాడు జయరాజు సొంత మేనల్లుడు ధర్మేందర్. "ఏందే మామా, ఎలక్షన్ నాడు పులిహోరనా? నీకు ఓటేస్త గని, మటన్ లేకుంట నేను రానే రాను!" అని ఒంటికాలి మీద లేచాడు. వాడి వెనక ఇంకో ముప్పై మంది. చివరికి పాస్టరుగారే కల్పించుకుని, ఎప్పటిలాగే బగారన్నం, మటన్, దాల్చా అని తేల్చేశారు. ఎస్తేరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మటన్ ఉడికేదాకా మరి గంట మోగదు కదా!

ఆదివారం రానే వచ్చింది. చెట్టు కింద మూడు కట్టెల పొయ్యిలు, వాటి మీద మూడు పెద్ద గంజులు. ఎస్తేరు కొంగు బిగించి నిలబడింది. గుండె మాత్రం చర్చి స్పీకర్ లాగా అదురుతోంది. ఎందుకంటే ఇంకో చిక్కు ఉంది. ఆమె కూతురు కెజియా, ఇంకో నలుగురు ఆడపిల్లలు తుర్కపల్లి ల్యాబుల్లో ఆదివారం డ్యూటీలో ఉన్నారు. షిఫ్టు ఒంటిగంటకు అయిపోతుంది. ఎస్తేరు భర్త ఎలీషా ఆ కంపెనీ క్యాబ్ డ్రైవరే. ఒంటిగంటకు ఎక్కించుకుని ఒకటిన్నరకల్లా చర్చి ముందు దింపుతానన్నాడు. ప్రతి ఏడూ అన్నం గంట మోగేది సరిగ్గా ఒంటిగంటకు. ఆ ఐదుగురూ, ఎలీషా, మొత్తం ఆరు ఓట్లు. ఇంటింటికీ తిరిగి వచ్చిన ఎస్తేరుకు తెలుసు, ఈ పోటీ ఆరు ఓట్ల మీదే తేలేలా ఉందని.

పదకొండున్నరకు ఆరాధన అయింది. వేదిక పక్కన తెర కట్టి డబ్బా పెట్టారు. చదువు రానివాళ్ళ కోసం చీటీ మీద బొమ్మలు వేశారు. జయరాజుది తాళంచెవి, ఎస్తేరుది గరిటె. గరిటె గుర్తు చూసి ఎగతాళి చేసినవాళ్ళు లేకపోలేదు. "నవ్వుకోండ్రి, తినేటప్పుడు గా గరిటెతోనే కదా ఏస్త" అంది ఎస్తేరు వాళ్ళకు వినపడేట్టు.

పొయ్యి దగ్గర ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. వెళ్ళాలని ఉంది, భయంగానూ ఉంది.

"ఏంది చూస్తున్రు? ఇద్దరిద్దరు పోయి ఏసి రాండ్రి. కూర నేను జూస్త. అన్నం ఆగమైతే నా మీదేసుకుంట. పద్మలతా, ముందు నువ్వు పో" అంది ఎస్తేరు.

పద్మలత పసుపు చేతులు కొంగుకు తుడుచుకుంటూ పరిగెత్తింది. ఐదు నిమిషాల్లో ఇంకా వేగంగా పరిగెత్తుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది, కళ్ళు తడి. పసుపు వేలి మీద నల్ల సిరా చుక్క. "అక్కా! నా పేరు పిలిసిండ్రక్కా! పద్మలత అని పిలిసిండ్రు. లింగస్వామి భార్య అనలే! ఇన్నేండ్లల్ల చర్చిల నా పేరు మైకుల వినుడు ఇదే మొదలు" అని ఆ వేలు అందరికీ చూపించింది. ఇక ఆగుతారా? ఉల్లిగడ్డలు తరిగేవాళ్ళు కత్తులు కింద పెట్టేసి, మిరపకాయల తొడిమలు తీసేవాళ్ళు చేతులు దులుపుకుని, "నేనంటే నేను" అని తోసుకున్నారు. గరిటె పట్టుకుని వాళ్ళను వరసలో నిలబెట్టడమే ఎస్తేరుకు పెద్ద పనైంది.

తన వంతు వచ్చినప్పుడు ఎస్తేరు తెర వెనక్కి వెళ్ళి చీటీ విప్పింది. దాని మీద గరిటె. తన గరిటె. వేలంత బొమ్మను వేలితో ఒకసారి తడిమింది. స్టాంపు వేసి, మడిచి, డబ్బాలో వేసి, వెనక్కి తిరిగి చూడకుండా పొయ్యి దగ్గరికి వచ్చి పడింది.

పన్నెండున్నరకు ధర్మేందర్ వచ్చాడు. "అత్తా, అయిందా? మామ అడగమన్నడు."

"మటన్ ఉడకాలె బిడ్డా. ముక్క పట్టి సూడు."

వాడు పట్టి చూశాడు. నిజంగానే ఉడకలేదు. పైగా వాసనకు నోరూరిపోయి అక్కడే తిరగడం మొదలుపెట్టాడు. వాణ్ణి తరమడానికి ఇద్దరు కావలసి వచ్చారు.

పద్మలత దగ్గరికి వచ్చి చెవిలో చెప్పింది, "అక్కా, పొయ్యిల కొన్ని నీళ్ళు గుమ్మరిద్దామా? మంట తగ్గుతది. పిల్లలు వచ్చేదాక."

"థూ! నా పొయ్యి మీద నీళ్ళా? ఇరవై రెండేండ్లల్ల నా అన్నం ఎన్నడన్న చెడ్డదా? అబద్ధం ఆడొద్దు, అన్నం చెడగొట్టొద్దు. అయితే అయిందంట, కాకుంటే కాలేదంట. దేవుని ఇంట్ల ఇంకో మాట లేదు" అంది ఎస్తేరు. అన్నదే గానీ కళ్ళు రోడ్డు మీదికే పోతున్నాయి.

ఒంటిగంటకు మటన్ ఉడికింది. ఒంటిగంటా పదికి బగారన్నం దమ్ము మీదికి వచ్చింది. ఫోను మోగింది, ఎలీషా.

"ఎస్తేరూ, పిల్లల్ని ఎక్కించుకున్న. శామీర్‌పేట చెరువు కట్ట కాడ జామ్ అయింది. ఆదివారం కదా, పట్నమంత చెరువు సూడనీకి ఈడనే వడ్డది. బండి కదుల్తలేదు."

"ఏమయ్యా, ఎంతసేపు?"

"నేనేం జెప్పాలె? ముంగట పెండ్లి బస్సు అడ్డం తిరిగింది!" వెనక నుంచి కెజియా గొంతు వినిపించింది, "అమ్మా, గంట కొట్టనియ్యకే! దిగి ఉరుకుతం కావాలంటే!"

ఉరకడానికి అదేమైనా పక్కవీధా? ఎస్తేరు ఫోను పెట్టేసి దాల్చా గంజు మూత తీసింది. అదీ ఉడికిపోయింది. ఆవిరి మొహానికి కొట్టింది. అప్పుడే జయరాజు స్వయంగా వచ్చాడు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని.

"చెల్లె, ఒకటిన్నరైతాంది. అయిందా?"

ఎస్తేరు కళ్ళు పొయ్యి పక్కనున్న బుట్ట మీద పడ్డాయి. బుట్టలో బ్రెడ్డు ప్యాకెట్లు. పొద్దున పాస్టరమ్మగారు పంపినవి, వీలైతే డబుల్ కా మీఠా చెయ్యమని. హడావిడిలో మరిచేపోయింది. దేవుడున్నాడు!

"కాలేదన్నా. మీఠా కావాలె."

"మీఠానా? మీఠా ఎవ్వడడిగిండు?"

"అమ్మగారు పంపింది. మరి వాపసు ఇయ్యమంటవా?"

జయరాజు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు బ్రెడ్డు ముక్కలు కోసి నెయ్యిలో వేయించడం మొదలుపెట్టారు. అబద్ధమేమీ లేదు, మాడకుండా వేయించాలంటే సన్న మంట మీద ఒక్కో వాయి తిప్పుతూ వేయించాల్సిందే. ఇంతలో చర్చి లోపలి నుంచి ఓటు వేసి వచ్చిన ఆడవాళ్ళంతా పొయ్యిల చుట్టూ చేరారు. ఒకళ్ళు పాకం పడుతున్నారు, ఒకళ్ళు విసురుతున్నారు, ఒకళ్ళు రోడ్డు మీదికి వెళ్ళి క్యాబ్ వస్తుందేమో చూసి వస్తున్నారు. ఆ రోజు ఆ చెట్టు కింద ఉన్నంత హుషారు ఏ పెళ్ళిలోనూ ఉండదు. నిలబడింది ఎస్తేరే అయినా, ప్రతి ఒక్కత్తీ తనే నిలబడ్డట్టు ఊగిపోతోంది.

రెండు అయింది. మీఠా కూడా అయిపోయింది. రోడ్డు మీద క్యాబ్ జాడ లేదు.

ఈసారి జయరాజు ఒక్కడే రాలేదు. వెనక మగవాళ్ళ గుంపు, ఆకలితో నకనకలాడుతూ. ఆయన గంజుల వైపు చూశాడు, పొయ్యిలో బూడిద కప్పిన నిప్పుల వైపు చూశాడు, చివరికి ఎస్తేరు కళ్ళలోకి చూశాడు. "చెల్లె, నువ్వు అబద్ధం చెప్పేదానివి కాదని నాకు తెలుసు. ఒక్కటే మాట చెప్పు. వంట అయిందా?"

అందరూ ఎస్తేరు మొహమే చూస్తున్నారు. పద్మలత రెండు చేతులూ జోడించేసింది, వద్దన్నట్టు.

ఎస్తేరు గరిటె గంజు అంచున పెట్టింది. "అయింది" అంది.

ఆడవాళ్ళలో ఎవరో అయ్యో అన్నారు. పదకొండేళ్ళ మొర, వారం రోజుల తిరుగుడు, ఆ ఐదుగురు పిల్లల ఆశ, అన్నీ ఆ ఒక్క మాటతో గంజులో కలిసిపోయాయనిపించింది ఎస్తేరుకు. ధర్మేందర్ గంట తాడు దగ్గరికి ఉరికాడు.

"ఆగరా! ఉప్పు సూడకముందే గంటేంది?"

ఆ గొంతు హన్నవ్వది. చర్చి మెట్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. ఎనభై ఏడేళ్ళు. నోట్లో ఒక్క పన్ను లేదు.

హన్నవ్వ ఉప్పు చూడడం చర్చిలో పెద్దరికానికి ఇచ్చే మర్యాద అని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. అసలు సంగతి ఎస్తేరుకు తెలుసు, హన్నవ్వే చెప్పింది. యాభై ఏళ్ళ కిందట ఆమె ద్రాక్షతోటల్లో కూలికి పోయేది. ఆ ఏడు సర్కారు ఎలక్షన్లలో ఓటు వేసి వచ్చి, వేలి సిరా ఆరకముందే చర్చి మీటింగులో లేచి అడిగింది, "సర్కారోళ్ళు నన్ను మనిషి కింద లెక్కగట్టిండ్రు. దేవుని ఇంట్ల నాకు ఓటెందుకు లేదు?" అని. అప్పటి సెక్రటరీ, జయరాజు నాయిన ఆశీర్వాదం, నవ్వి, "పోయి కూరల ఉప్పు సూడు పో" అన్నాడు. మగవాళ్ళంతా పగలబడి నవ్వారు. హన్నవ్వ వెళ్ళింది. ఉప్పు చూసి, గుమ్మం దాకా వచ్చి, "ఉప్పు సరిపోయింది. మీ బుద్ధే సరిపోలే!" అని అరిచి మరీ పోయింది. ఆ తర్వాత ప్రతి ఏడూ మగవాళ్ళు వేళాకోళంగా "హన్నమ్మ ఉప్పు చూడందే గంట లేదు" అనేవాళ్ళు. వేళాకోళం చేసినవాళ్ళందరూ ఒక్కొక్కరే వెనకనున్న సమాధుల తోటకు వెళ్ళిపోయారు. మాట మాత్రం పద్ధతై మిగిలింది.

ఎస్తేరు పళ్ళెంలో ఇంత బగారన్నం, రెండు మటన్ ముక్కలు పెట్టి తీసుకెళ్ళింది. హన్నవ్వ సంచిలోంచి తన ఇత్తడి చెంచా తీసింది. పళ్ళెం అందుకుంటూ మెల్లిగా అడిగింది, "పిల్లలు వచ్చిండ్రా?"

"రాలేదవ్వా."

"నాకు పండ్లు గూడ రాలే. నిమ్మళంగనే తినాలె మరి."

ఎస్తేరు ఆమె మొహం వంక చూసింది. ఆ ముడతల మధ్య కళ్ళు మిలమిల మెరుస్తున్నాయి. అప్పటిగ్గాని ఎస్తేరుకు ఊపిరాడలేదు.

హన్నవ్వ ఒక మెతుకు నోట్లో పెట్టుకుంది. చప్పరించింది. ఇంకో మెతుకు పెట్టుకుంది. మటన్ ముక్కను ఈ దవడ నుంచి ఆ దవడకు పంపింది, ఆ దవడ నుంచి ఈ దవడకు పిలిచింది. వంద మందికి పైగా మనుషులు చుట్టూ నిలబడి ఆమె నోటి వంకే చూస్తున్నారు. ఎవరి కడుపో గుర్రుమంది.

"అవ్వా, ఉప్పు సరిపోయిందా?" అన్నాడు జయరాజు, ఓపిక పట్టి.

హన్నవ్వ వేలు పైకెత్తింది, ఆగమని. ఆ ముక్క మింగడానికి రెండు నిమిషాలు పట్టింది. "నోట్ల ముక్క ఉండంగ మాట్లాడొద్దని మీ నాయినే అనేటోడు బిడ్డా. ఇగ దాల్చా తేండ్రి."

దాల్చా తెచ్చారు. ఆనపకాయ ముక్కను కూడా మటన్‌లాగే తిప్పింది. "ఇగ మీఠా."

"మీఠాల ఉప్పు సూసేదేందవ్వా?" జయరాజు గొంతు లేచింది.

"పొరపాటున పడ్డదనుకో, తిన్నోళ్ళందరు పరేషాన్ గారా?"

ఆడవాళ్ళలో నవ్వు పుట్టింది. మగవాళ్ళలో కొందరు కూడా ఆపుకోలేకపోయారు. పాస్టరు జాషువా పుస్తకంలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచేసుకున్నారు. జయరాజు ఆయన వైపు తిరిగి, "అయ్యగారూ, గిదేం పద్ధతి?" అంటే, ఆయన తల ఎత్తకుండానే, "మీరే అన్నరు కదన్నా, పెద్దలు పెట్టిన పద్ధతి మార్చొద్దని" అన్నారు.

మీఠా సగం చెంచా హన్నవ్వ నోట్లో ఉండగా రోడ్డు మీద హారన్ వినిపించింది. ఒకటి కాదు, ఆపకుండా, కరీంనగర్ రోడ్డంతా మోగిపోయేట్టు! అంత గట్టిగా హారన్ కొట్టడం ఎలీషాకు జన్మలో అలవాటు లేదు. క్యాబ్ ఇంకా సరిగ్గా ఆగకముందే తలుపు తెరుచుకుంది. కెజియా, ఆమె వెనక నలుగురు పిల్లలు, మెడల్లో ఐడీ కార్డులు ఎగురుతుండగా గేటు దాటి పరిగెత్తుకొచ్చారు. "ఉరుకుండ్రి! ఉరుకుండ్రి!" అని ఆడవాళ్ళంతా దారి ఇచ్చారు. పద్మలత అయితే ఎగిరి గంతేసింది. ఎలీషా క్యాబ్ తాళం కూడా వెయ్యకుండా వాళ్ళ వెనకే లోపలికి దూరాడు.

ఆరుగురూ వేసి బయటికి వచ్చారు. కెజియా అమ్మను పట్టుకుని, "చెప్పిన కదనే, ఉరుకుతమని" అంది రొప్పుతూ.

"ఇగ నన్ను లేపుండ్రి" అంది హన్నవ్వ.

ఎస్తేరు ఒక చెయ్యి, కెజియా ఒక చెయ్యి పట్టుకున్నారు. మెట్లు ఎక్కడానికే చాలాసేపు పట్టింది. మైకులో "హన్నమ్మ" అని పిలిచారు. ఆ స్పీకర్లలో ఆ పేరు గోడలన్నీ తగిలి మోగింది. హన్నవ్వ ఒక్క క్షణం ఆగింది, యాభై ఏళ్ళ కిందట తను నిలబడి అడిగిన చోట. తర్వాత పట్టుకున్న చేతులు విడిపించుకుని, తెర వెనక్కి ఒంటరిగా వెళ్ళింది. ఎస్తేరు కళ్ళలోంచి నీళ్ళు జారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

హన్నవ్వ బయటికి వచ్చి, సిరా చుక్క ఉన్న వేలిని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత గుమ్మంలో నిలబడి, ఎంత గొంతుందో అంత గొంతుతో అంది, "ఉప్పు సరిపోయింది! గంట కొట్టుండ్రి!"

గంట మోగింది. డబ్బా మూశారు. ఆకులు పరిచారు గానీ ఎవ్వరూ కూర్చోలేదు. పాస్టరుగారు ఒక్కో చీటీ విప్పి పైకెత్తి చూపిస్తుంటే, ఆకలి సంగతి అందరూ మరిచిపోయారు. తాళంచెవి, గరిటె, గరిటె, తాళంచెవి, తాళంచెవి. ఒకసారి తాళంచెవి తొమ్మిది ముందుకెళ్ళింది. ఎస్తేరు కళ్ళు మూసుకుంది. మళ్ళీ గరిటెలు వరసగా వచ్చాయి. డబ్బా అడుగున ఉన్న చీటీ కూడా విప్పాక పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు.

"జయరాజుగారికి అరవై తొమ్మిది. ఎస్తేరుగారికి డెబ్బై రెండు."

మూడు! మూడంటే మూడే ఓట్లు! ఎవరు ఎవరికి వేశారో దేవుడికే తెలియాలి గానీ, రెండింటికే గంట మోగి ఉంటే ఆఖరి ఏడు చీటీలు ఆ డబ్బాలో ఉండేవి కావు. ఆడవాళ్ళు వేసిన కేకకు చెట్టు మీది పిట్టలన్నీ లేచిపోయాయి. ఎలీషా, ఎప్పుడూ పదిమందిలో భార్య పక్కన నిలబడడానికి కూడా సిగ్గుపడే ఎలీషా, అందరి ముందూ ఎస్తేరు చెయ్యి పట్టుకుని ఊపేశాడు. జయరాజు జేబులోంచి తాళాల గుత్తి తీసి, వచ్చి ఎస్తేరు చేతిలో పెట్టాడు. "మంచిగ చూసుకో చెల్లె" అన్నాడు. మాట కొంచెం తడబడినా మర్యాద తప్పలేదు.

కొత్త సెక్రటరీతో పాటు కమిటీనంతా ప్రార్థన కోసం ముందు బెంచీలో కూర్చోబెట్టారు. సరిగ్గా అప్పుడే బయటి నుంచి అలవాటైన కేక వినిపించింది, "ఆడోళ్ళు వడ్డనకు రాండ్రి! ఆకులు ఎండుతున్నయ్!"

ఎస్తేరు గబుక్కున లేచింది. ఇరవై రెండేళ్ళ అలవాటు మరి. కాళ్ళు వాటంతట అవే తలుపు వైపు తిరిగాయి.

"యాడికి? కూసో" అంది హన్నవ్వ.

ఎస్తేరు కూర్చుంది. హన్నవ్వ కర్ర పోటు వేసుకుంటూ జయరాజు దగ్గరికి వెళ్ళింది. పాత ఇత్తడి చెంచాను కొంగుతో శుభ్రంగా తుడిచి ఆయన చేతిలో పెట్టింది.

"బిడ్డా, యాభై ఏండ్ల సంది ఈ పని నాకు మీ నాయిన ఇచ్చిండు. ఇగ నాకు ఓటొచ్చింది. ఈ పని నువ్వు తీస్కో. కమిటీ ప్రార్థనల ఉంది, ఎస్తేరు రాదు. గంజులు చాలాసేపు నిప్పుల మీదున్నయ్. పోయి కూరల ఉప్పు సూడు పో."

జయరాజు చెంచా వంక చూశాడు, హన్నవ్వ వంక చూశాడు. ఆయనకు ఆ కథ తెలుసని మొహమే చెప్పింది. ఏమనుకున్నాడో ఏమో, మెల్లిగా బయటికి నడిచాడు. బెంచీలో కూర్చున్న ఎస్తేరుకు కిటికీలోంచి అంతా కనపడుతోంది. ఆయన చేతులు కడుక్కుని, మటన్ గంజు మూత తీసి, చెంచా ముంచి నోట్లో పెట్టుకున్నాడు.

"సరిపోయింది" అన్నాడు.

"గట్టిగ చెప్పు బిడ్డా," గుమ్మంలోంచి సమాధుల తోట వైపు కర్ర చూపిస్తూ అంది హన్నవ్వ, "మీ నాయినకు గూడ ఇనవడాలె."